ఆగి వేసే అడుగు

గేషే వాకిలి దాటి వస్తుంటే వంటింటి కిటికీలోంచి ఆ పిల్ల మళ్లీ ఆమె కాళ్లకేసే చూస్తోంది.

మొహంకేసి కాదు, చేతిలో గుడ్ల బుట్టకేసి కాదు, కాళ్లకేసి. చూడు, కళ్లారా చూసుకో అనుకుని గేషే కావాలనే ఇంకాస్త మెల్లగా నడిచింది. వాకిట్లో పాచిపట్టిన ఇటుకలన్నీ రాత్రి వానకి తడిసి మెరుస్తున్నాయి. తుంటి పట్టేసిన మనిషి ఎలా నడుస్తుందో అలాగే, ఎడమ పక్కకి ఒరుగుతూ, తనుండే చిన్న ఇంటి నుంచి కొడుకుండే పెద్ద ఇంటి దాకా వచ్చింది.

తలుపు తీసేసరికి జిబెక్ ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గర జావ కలుపుతోంది. చంకలో టాడె. వాడికి ఏడాది నిండి నెలరోజులు కాలేదు. గరిటె ఎటు తిరిగితే వాడి తల అటు తిరుగుతోంది.

"మోయిన్, అపా," అంది జిబెక్. ఈ తీరంలో పొద్దునైనా సాయంత్రమైనా జనం పలకరించుకునే మాట అదొక్కటే. వచ్చిన మొదటి రోజే నేర్చేసుకుంది. "అపా" మాత్రం తను కిర్గిజ్ కొండల్లోంచి మోసుకొచ్చింది. కొడుకు తప్ప ఇంట్లో అందరూ గేషేని ఓమా అంటారు, పిల్లాడికి నానమ్మ కాబట్టి. ఈ పిల్ల మాత్రం, మా ఊళ్లో పెద్దావిణ్ణి ఇలాగే పిలుస్తాం అని చెప్పి, ఆ మాట వదల్లేదు.

టాడె నానమ్మని చూసి చేతులు చాచాడు. గేషే బుట్ట బల్లమీద పెట్టి తనూ చేతులు చాచింది.

జిబెక్ కదల్లేదు. కాలితో కుర్చీని ముందుకు తోసింది.

"కూర్చోండి అపా. కూర్చున్నాక ఇస్తాను."

"నేను నిలబడే ఉంటాను."

"మోమ్మె చెప్పారు..."

"ఏం చెప్పాడో నాకు తెలుసులే. చెప్పినవాణ్ణి కన్నది నేనే."

అయినా కూర్చుంది. కూర్చున్నాకే పిల్లాడు ఒళ్లోకి వచ్చాడు, వెచ్చగా, పాలవాసన వేస్తూ. ఫిబ్రవరిలో ఓ పొద్దున ఈ వాకిట్లోనే, లోపల ఫోను మోగుతోందని తొందరపడి, మంచు పేరుకున్న ఇటుకల మీద పిల్లాడితో సహా కూలబడింది. పడుతూ పడుతూ వెనక్కి తిరిగి, వాణ్ణి గుండెలకి అదుముకుని, దెబ్బంతా తన తుంటి మీద వేసుకుంది. వాడికి ఒంటిమీద గీత పడలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. మార్చిలో ఈ అమ్మాయి వచ్చింది. "పనిమనిషి కాదమ్మా, ఓపేర్ అమ్మాయి," అన్నాడు మోమ్మె. "మనతోపాటే తింటుంది, మనింట్లోనే ఉంటుంది, వీణ్ణి చూసుకుంటుంది, మన భాష నేర్చుకుంటుంది. ఏడాది పాటు." ఆ వెంటనే, ఇంకో గుక్కలో, "నువ్వింక వాణ్ణి నిలబడి ఎత్తుకోకు," అన్నాడు.

రెండూ ఒకటే వాక్యమని గేషేకి అప్పుడే అర్థమైంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర జిబెక్ రొట్టెముక్క తుంచి పళ్లెంలోనే ఉంచేసి, చాలాసేపు ఆ ముక్కనే చూసింది. తర్వాత అంది:

"మిమ్మల్ని ఒకటి అడగాలి. టాడె కుర్చీ పట్టుకుని నిలబడుతున్నాడు. ఇవాళో రేపో అడుగు వేస్తాడు. మా ఊళ్లో అయితే ఇప్పుడు కాళ్లకి దారం కడతాం."

కోడలు వీబ్కె చెంచా గాల్లో ఆగింది. "కాళ్లకా? ఎందుకు, పారిపోకుండానా?"

"కట్టి, కోసేస్తాం. పిల్లలు కాళ్లకి కనపడని బంధంతో పుడతారంట. అది తెంపితే దారి తెరుచుకుంటుంది. నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ కలిపి పేనిన దారం కావాలి. బతుకులో రెండూ ఉంటాయి కదా, అందుకు." జిబెక్ రెండు వేళ్లు మెలేసి చూపించింది. "ఎవరు కోస్తే వాళ్ల నడక వస్తుంది పిల్లాడికి. కొన్ని ఊళ్లలో పరుగుపందెం పెట్టి గెలిచినవాళ్ల చేత కోయిస్తారు. మా నానమ్మ మాత్రం చూసి చూసి ఒక మనిషిని ఎంచేది."

"ఇంకేం, నేనే," అన్నాడు మోమ్మె, ఛాతీ విరుచుకుని.

"నువ్వా!" వీబ్కె పకపకా నవ్వింది. "నీ నడక వస్తే వాడికి బూట్లు చాలవు, ట్రాక్టరు టైర్లు కొనాలి."

"నీదో? బస్సు తప్పిపోతున్నట్టు నడుస్తావు. బస్సెక్కి కూర్చున్నాక కూడా నీ కాళ్లు నడుస్తూనే ఉంటాయి."

"బస్సెక్కే మనిషిని చేసుకున్నావు మరి."

"నాకోసం ఆగకండి," అంది గేషే, సూపు మీద ఊదుతూ. "నేను పోటీలో లేను."

తమాషాకే అంది. మోమ్మె, వీబ్కె నవ్వారు, కాస్త తొందరగానే నవ్వారు. జిబెక్ నవ్వలేదు. బల్ల కిందకి ఒకసారి చూసి, మళ్లీ రొట్టె అందుకుంది.

"ఆదివారం పెట్టుకుందాం," అన్నాడు మోమ్మె. "కరకట్ట మీద, పోటు రాకముందు. ఫ్రౌకె వాళ్లని కూడా పిలుద్దాం. నల్ల ఉన్ని ఎక్కడ దొరుకుతుంది?"

ఆ ప్రశ్నకి అందరి తలలూ ఒక్కసారే గేషే వైపు తిరిగాయి. ఆ ఇంట్లో ఉన్ని అంటే ఆవిడే.

"ఉన్ని ఉంది," అంది గేషే. "రాట్నమే కొట్టంలో పడుంది. ఎందుకుందో మీకు తెలుసు."

ఓపేర్ అమ్మాయికి కిటికీ ఉన్న సొంత గది ఇవ్వాలి, అది నియమం. ఆ ఇంట్లో ఖాళీ చేయగలిగిన కిటికీ గది గేషే ఉన్ని వడికే గది ఒక్కటే.

మర్నాడు పొద్దున గేషే ఉన్ని సంచి పట్టుకుని మేడ మెట్లెక్కింది. గది తలుపు తీసే ఉంది. లోపల, కిటికీ పక్కన, ఇరవై ఏళ్లు ఉన్న చోటే, రాట్నం ఉంది. సాలెగూళ్లు తుడిచి, తోలుపట్టీకి కొవ్వు రాసి ఉంది. జిబెక్ తన మంచాన్ని వెలుతురు రాని మూలకి జరుపుకుంది. ఒక్కతే కొట్టంలోంచి ఇంత బరువు మేడ మీదికి ఎలా తెచ్చిందో మరి.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు అపా. వెలుగు ఇక్కడే బాగుంది."

గేషే రాట్నం ముందు కూర్చుంది. జిబెక్ నేలమీద కూర్చుని, ఇనప పళ్లున్న చెక్కలతో ఉన్నిని దువ్వి పింజలు చేసి ఇస్తోంది. టాడె ఒక పింజని నోట్లో పెట్టుకుని, రుచి నచ్చక, మొహం చిట్లించి మళ్లీ పెట్టుకున్నాడు. ముందు తెలుపు వడికారు. పాదం కింద తొక్కుడు చెక్క ఆడింది, చక్రం తిరిగింది, గేషే వేళ్ల మధ్య నుంచి మేఘం లాంటిది సన్నగా సాగి నూలైంది. ఎంతకాలమైంది! వేళ్లు మరిచిపోలేదు. చక్రం గుర్రుమంటుంటే గేషే గుండెలో ఏదో ముడి కాస్త వదులైంది.

తలెత్తి చూస్తే, జిబెక్ చేతులు పింజ మీదున్నాయి, కళ్లు మాత్రం చెక్క మీద ఆడుతున్న గేషే పాదం మీదున్నాయి.

చక్రం ఆగింది.

"నా కాళ్లల్లో ఏముందే?"

జిబెక్ ఉలిక్కిపడింది. బుగ్గలు కందిపోయాయి. "ఏం లేదు, అపా."

"వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. వాకిట్లో చూస్తావు, మెట్ల మీద చూస్తావు, ఆఖరికి కూర్చున్నా చూస్తావు. మోమ్మె చూడమన్నాడా? ముసలిది రోజుకెన్నిసార్లు తూలిందో చెప్పమన్నాడా?"

"అయ్యో, లేదు!"

"మరి?"

జిబెక్ పింజని చేతుల్లో నలిపింది. చెప్పబోయి ఆగింది. "చెప్పకూడదు," అంది చివరికి, చాలా చిన్న గొంతుతో.

"సరే," అంది గేషే. ఆ తర్వాత నల్ల ఉన్ని వడికింది, రెండు పోగులూ కలిపి పేనింది. దారం చక్కగా వచ్చింది, తెలుపూ నలుపూ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తున్నట్టు. దాన్ని జిబెక్ ఒళ్లో పడేసి మెట్లు దిగింది. దిగుతున్నంతసేపూ వీపు మీద ఆ చూపు తెలుస్తూనే ఉంది.

శనివారం మధ్యాహ్నం గేషే కరకట్ట మీది బెంచీ దగ్గరికి వెళ్లి కూర్చుంది. వాలు నిండా గొర్రెలు, గొర్రెపిల్లలు, పెంటికలు. అవతల సముద్రం లేదు. ఆటు సమయం. నీళ్లన్నీ ఎక్కడికో వెళ్లిపోయాయి. చూపు ఆనినంత మేరా బూడిదరంగు ఒండ్రు నేల, అలల గుర్తులతో గీతలు గీతలుగా, ఆకాశాన్ని ముక్కలుముక్కలుగా పట్టుకుని మెరుస్తోంది. దూరంగా, దిబ్బ మీద ఒంటరి ఇల్లు. అక్కడిదాకా దారి చూపిస్తూ పాతిన పుల్లకట్టలు.

ఆ ఇంటికి టపా మోసింది గేషే. ఒక చలికాలం, ఒక వేసవి కాదు, మోమ్మె పుట్టకముందు మొదలుపెట్టి వాడికి మీసాలొచ్చేదాకా. ఆటు రాగానే దిగి, పోటు రాకముందే తిరిగి రావాలి. సంచి వీపున, బూట్లు మెడలో, పాదాలు వట్టివి. ఆమెకి ఆ దారి నేర్పిన ముసలాయన ఒకటే చెప్పాడు. "పాదం పెట్టు, బరువు పెట్టకు. నేల ఒప్పుకున్నాకే బరువు." ఊబి ఎక్కడుంటుందో కళ్లకి తెలియదు, నిన్న లేనిది ఇవాళ ఉంటుంది. కాలివేళ్లకి తెలుస్తుంది. పొగమంచు కమ్మిన రోజున పుల్లకట్టలు కూడా కనపడక, పాదాలనే నమ్ముకుని ఇల్లు చేరింది. ఇప్పుడు ఆ పాదాలకి మనవడితో ఇటుకల వాకిలి దాటడానికి కూడా అనుమతి కావాలి.

పిల్లాడి తోపుడు బండి చక్రాల చప్పుడైంది. జిబెక్ టాడెని బండిలో కూర్చోబెట్టుకుని కట్ట ఎక్కి వచ్చి, కొంచెం ఎడంగా ఆగింది. ఒగర్పు తగ్గాక ఎవరితో అన్నట్టు కాకుండా అంది:

"మా ఊళ్లో కొండలు ఎక్కడికీ పోవు అపా. పుట్టినప్పుడు ఎక్కడున్నాయో చచ్చేటప్పుడూ అక్కడే. ఇక్కడ సముద్రం అంత సముద్రమూ రోజూ లేచి వెళ్లిపోతుంది. మళ్లీ అడక్కుండానే వస్తుంది. మీరెవరూ తల కూడా ఎత్తరు! మొదటిరోజు నేను ఇక్కడే నిలబడి ఏడ్చాను."

"భయమేసిందా?"

"లేదు. చాలా పెద్దదాన్ని చూస్తే ఏడుపు రాదా మీకు?"

గేషే ఆ పిల్ల మొహంకేసి మొదటిసారి తిన్నగా చూసింది. గాలికి ఎర్రబడ్డ బుగ్గలు, పొద్దున్నే వేసుకున్న జడ, ఆ ఖాళీ నేలని తాగేస్తున్నట్టున్న కళ్లు. తను కూడా మొదటిసారి దిగినరోజున నడిమధ్యలో నిలబడిపోయింది, నలుదిక్కులా ఆకాశం తప్ప ఏమీ లేక. ముసలాయన కోప్పడ్డాడు, పోటు నీకోసం ఆగదు పిల్లా అని. చెబుదామనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది.

"అదిగో ఆ ఇల్లు..." అని మొదలుపెట్టింది. అంతలో టాడె ఏడుపు అందుకున్నాడు, ఆకలి వేళ. జిబెక్ బండి తిప్పింది.

కాసేపటికి గేషే కూడా దిగింది. గేటు దగ్గరికి వచ్చేసరికి వాకిట్లో ట్రాక్టరు పక్కన జిబెక్, మోమ్మె మాట్లాడుకుంటున్నారు. అమ్మాయి చేతులు తిప్పుతూ ఏదో గట్టిగా చెబుతోంది. మోమ్మె అడ్డంగా తల ఊపుతున్నాడు. జిబెక్ ఒక కాలు ముందుకు పెట్టి, ఆగి, ఒరిగి చూపించింది. గేషే నడకే అది, అచ్చంగా! ఇద్దరూ తలెత్తి ఆమెని చూశారు. జిబెక్ కాలు వెనక్కి లాక్కుంది. మోమ్మె మొహం తిప్పుకున్నాడు.

గేషే వాళ్లని దాటుకుని తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఏడవలేదు. టీ పెట్టుకుని, తాగడం మరిచిపోయింది.

ఆదివారం ఆమె వెళ్లదలుచుకోలేదు. వీబ్కె రెండుసార్లు వచ్చి పిలిచింది. "ఓమా, దారం మీది. మీరు రాకపోతే ఎలా? పుల్లటి రూబార్బ్ కాడల కేకు మీకోసమే చేశాను, తర్వాత పాడైందని నన్ననొద్దు." చివరికి కేకు కోసమని చెప్పుకుని, మంచి కోటు వేసుకుని బయల్దేరింది.

కట్ట మీద మడతకుర్చీలు వేశారు. జిబెక్ పొద్దున్నించీ వేయించిన బోర్సోక్‌లు, చిన్న చిన్న దిండ్లలా పొంగిన పిండి ముక్కలు, ఒక గుడ్డ నిండా పోసి ఉన్నాయి. పక్కింటి ఫ్రౌకె అప్పటికే నాలుగు తినేసి, ఐదోది చేతిలో పట్టుకుని ఉంది. "పెళ్లి కాదు, బాప్తిస్మం కాదు, తిండి మాత్రం రెండింటికీ సరిపడా ఉంది," అంది. "ఇంతకీ ఎవరు కోస్తున్నారు? మా ఆయన్ని పిలవకండమ్మా, ఆయన నడక సారాకొట్టు దాకానే."

జిబెక్ గడ్డి మీద పొడుగ్గా తెల్ల దుప్పటి పరిచింది. టాడెని ఒక చివర కూర్చోబెట్టి, వాడి చీలమండల చుట్టూ దారాన్ని ఎనిమిది అంకెలా తిప్పి కట్టింది. వాడు తన కాళ్లని తనే వింతగా చూసుకున్నాడు. గేషే వడికిన నలుపూ తెలుపూ వాడి తెల్లటి కాళ్ల మీద ఎంత బాగున్నాయో! ఆమె అందరికన్నా వెనక కుర్చీలో కూర్చుని, ఆ దారాన్నే చూస్తోంది.

జిబెక్ కత్తెర తీసుకుంది. మోమ్మె ముందు నిలబడి ఉన్నాడు, అతన్ని దాటింది. వీబ్కెని దాటింది. ఫ్రౌకె నమలడం ఆపింది. గేషే కుర్చీ ముందుకి వచ్చి, జిబెక్ రెండు చేతులతో కత్తెర చాచింది.

"మీరు, అపా."

గేషేకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది.

"నన్ను ఆటపట్టిస్తున్నావా? నా కుంటి నడక నా మనవడికా?"

"కుంటి సంగతి కాదు." జిబెక్ కత్తెర దించలేదు. మాటలు వెతుక్కుంటూ, ఒక్కొక్కటే ఏరి పెడుతున్నట్టు మాట్లాడింది. "ముందే చెబితే మనిషి తన నడక మార్చేసుకుంటుంది. అందుకే చెప్పకూడదు. ఇంట్లో అందరి కాళ్లూ చూశాను. అందరూ అడుగు వేస్తూనే బరువంతా దానిమీద పడేస్తారు, నేనూ అంతే. మీరొక్కరే అలా కాదు. మీరు పాదం పెడతారు, బరువు పెట్టరు. కొంచెం ఆగుతారు. నేల సరే అంటేనే నిలబడతారు. ప్రతి అడుగూ అంతే, ఇటుకల మీద కూడా, మెట్ల మీద కూడా. మా తాతయ్య వసంతంలో నది మంచు మీద అలా నడిచేవాడు, గొర్రెలు ఆయన వెనకాలే వచ్చేవి. ఒక్కటీ మునగలేదు. మీరు ఎక్కడ నేర్చుకున్నారో నాకు తెలీదు."

గాలి దుప్పటి అంచుని లేపింది.

గేషే తన పాదాలకేసి చూసుకుంది. మంచి బూట్లలో, గడ్డిలో, పక్కపక్కన ఉన్న రెండు పాదాలు. టపాసంచి దించి ఎన్నేళ్లయిందో. తుంటి పట్టేసిందని అందరూ అన్నారు, తనూ అనుకుంది. ఇన్నేళ్లుగా వాకిలి దాటిన ప్రతిసారీ ఇవి ఆ ఒండ్రునేల మీదే నడుస్తున్నాయన్నమాట. తనకే తెలియకుండా. కొండల్లోంచి వచ్చి మూడు నెలలు కాని పిల్లకి తెలిసింది.

"కోసినవాళ్లే పిల్లాణ్ణి చేతులు పట్టుకుని నడిపించాలి," అంది జిబెక్, మోమ్మె వైపు తిరిగి. "నిలబడే. నిన్న చెప్పాను కదా."

మోమ్మె టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. వద్దంటాడని గేషే ఎదురుచూసింది. అతని చూపు కట్ట అవతలికి, దూరపు దిబ్బ మీద ఇంటికేసి పోయింది.

"చిన్నప్పుడు ఇక్కడే కూర్చునేవాణ్ణి," అన్నాడు, ఎవరినీ చూడకుండా. "నువ్వు కనపడేదాకా. నల్ల చుక్కలా వచ్చేదానివి. నాకు విసుగొచ్చేది, మా అమ్మ ఎందుకింత మెల్లగా నడుస్తుందని." టోపీ మళ్లీ తలకి పెట్టుకున్నాడు. "లేమ్మా. వాడు చూస్తున్నాడు."

గేషే లేచింది. ఎవరూ చెయ్యి అందించలేదు. ఆమెకి అదే నచ్చింది. తెల్ల దుప్పటి పక్కనే వంగి, దారం కిందకి కత్తెర పోనిచ్చి కోసింది. తన చేత్తో పేనిన దారం తెగేముందు కాస్త మొరాయించింది, గట్టి నూలు మరి. తెగింది. ఫ్రౌకె చప్పట్లు కొట్టబోయి, వీబ్కె మొహం చూసి మానుకుంది. వీబ్కె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

టాడె రెండు పిడికిళ్లతో నానమ్మ బొటనవేళ్లు పట్టుకుని లేచాడు. ఊగాడు. గేషే వాడి వెనక నిలబడి కుడి పాదం దుప్పటి మీద పెట్టింది, ఆగింది, నిలబడింది. వాడు తలవంచి ఆ పాదాన్ని చూశాడు. వాడి పక్కనే ఉంది అది, వాడి రెండు పాదాలంత పొడుగు. తన కుడికాలు ఎత్తాడు. ఎత్తి, దుప్పటి మీద ఆనించి, అలాగే ఉండిపోయాడు.

మోమ్మె ఒక అడుగు ముందుకు వేశాడు. "పడతాడేమో..."

"ష్," అంది జిబెక్.

దూరాన, చూపు చివర, ఒండ్రునేల మీద ఒక వెండి గీత కదిలింది. పాయల్లోకి నీళ్లు తిరిగొస్తున్నాయి. టాడె ఇంకా ఒంటికాలి మీద బరువుంచుకుని, రెండో పాదం కింద ఏముందో వింటున్నట్టు నిలబడే ఉన్నాడు.

గేషే వంగి వాడి చెవి దగ్గర అంది:

"తొందరేం లేదురా నాన్నా. నీళ్లు రావడానికి ఇంకా టైముంది."